గుమ్మంలో కూర్చున్నవాళ్లు

ఇస్త్రీ వదిన పొయ్యి మీద ఎసరు పెట్టింది. నీళ్లు ఇంకా కాగనే లేదు, దించించేశారు. దించించింది పోలీసులో రౌడీలో అయితే ఈ కథ చెప్పడం తేలికయ్యేది. ఆమెతో కలిసి ఒకే లాండ్రీలో ఒకే ఆవిరికి ఉడికే నలుగురు ఆడవాళ్లు వాళ్లు. పని దిగి తిన్నగా వచ్చి ఆమె గుమ్మంలో వరసగా కూర్చున్నారు.

"వదినా, అప్పు కంతు కట్టేదాకా పొయ్యి వెలగకూడదు. మాకు మాత్రం సరదానా చెప్పు?" అంది అందరిలోకీ పొడుగ్గా ఉన్నామె.

వదిన పొయ్యి ఆర్పింది. ఆమె చిన్నకూతురు గిన్నెలోకి తొంగి చూసి ఏడుపు లంకించుకుంది. ఆ ఏడుపుకి నలుగురిలో ఒక్కరూ తల ఎత్తలేదు.

ఈ రూలు పెట్టిన పెద్దమనిషి ఎక్కడున్నాడంటారా? వీధి మలుపులో మోటారు సైకిలు మీద కూర్చుని పళ్లరసం తాగుతున్నాడు. కంతుల బాబు అంటారు అతన్ని. అప్పుల కంపెనీ తరఫున ప్రతి సోమవారం వసూలుకి వస్తాడు. గొంతు పెంచి ఎరగడు. అక్కా, అమ్మా అని తప్ప పిలవడు. కాలర్ పట్టుకోవాల్సిన ఖర్మ అతనికేం పట్టింది? కంపెనీ ఐదుగురు ఆడవాళ్లని ఒక జట్టుగా కట్టి అప్పిస్తుంది. ఒకామె కట్టలేకపోతే మిగతా నలుగురి మీదా పడుతుంది. పడకూడదనుకుంటే వాళ్లే వెళ్లి ఆమె గుమ్మంలో కూర్చోవాలి. కూర్చోమని మొండికేస్తే ఆ జట్టుకి లాండ్రీలో పనిలోకి వెళ్లే గేటు పాసు దొరకదు. ఎందుకంటే పాసులిచ్చే మేస్త్రీకి కంతుల బాబు దగ్గర వాటా ఉంది. చూశారా ఎంత శుభ్రమైన ఏర్పాటో! పేదదాని పీక నొక్కడానికి పేదదాని చేతులే వాడుకుంటారు, వీళ్ల చేతులకి మట్టి కూడా అంటదు.

ఆ పొడుగామెని అందరూ నిచ్చెన అంటారు. మొగుడు బరువులు మోసి మోసి నడుం పోగొట్టుకుని మంచం పట్టాడు. ఒక కూతురుంది. ఇల్లంతా ఆమె కూలి మీదే నడుస్తుంది. లాండ్రీకి ఆసుపత్రుల నుంచీ హోటళ్ల నుంచీ దుప్పట్లు గుట్టలుగా వస్తాయి. ఉతికి, వేడి రోలర్ల మధ్య నుంచి లాగాక వాటిని మడవాలి. అంత పెద్ద దుప్పటి ఒక్కరి వల్ల కాదు. ఇద్దరు చెరో కొసా పట్టుకుని దగ్గరికి రావాలి, వెనక్కి పోవాలి. అందుకని మడతకి జోడీలుంటాయి. జోడీలో ఒకరు రాకపోతే రెండోవాళ్లకీ ఆ రోజు కూలి లేదు.

నిచ్చెన జోడీ పేరు బుడ్డి. నిచ్చెన భుజం దాకా కూడా రాదు. వాళ్లిద్దరూ పట్టుకుంటే దుప్పటి ఏటవాలుగా వేలాడేది, మడత వంకరపోయేది, మేస్త్రీ నోటికొచ్చినట్టు తిట్టేవాడు. చివరికి బుడ్డి ఒక ఖాళీ సబ్బు పెట్టె బోర్లించి దాని మీద ఎక్కి నిలబడింది.

"నేను మహారాణిని, కదలను. నువ్వే నా దగ్గరికి వస్తూ పోతూ ఉండు," అంది.

షెడ్డంతా పడీపడీ నవ్వింది. ఆ రోజు నుంచీ నడిచే వంతు నిచ్చెనదైపోయింది. ఆమెకది కష్టమనిపించలేదు.

ఒకప్పుడు మనుషులు పెళ్లికి అప్పు చేసేవాళ్లు, జబ్బుకి చేసేవాళ్లు. వీళ్లు చేసింది ఉప్పుకి, నూనెకి, బియ్యానికి. ముందు నూనె ధర పెరిగింది. ఏముందిలే, తగ్గించి వాడదాం అనుకున్నారు. తర్వాత బియ్యం, పప్పు, సబ్బు. ఆఖరికి ఉల్లిపాయ కూడా వీళ్ల చేతికి అందకుండా పోయింది. కూలి మాత్రం మేకు కొట్టినట్టు ఉన్నచోటే ఉంది. కిరాణా కొట్టు మావయ్య చాలాకాలం అరువిచ్చాడు. ఒకరోజు ఆయనా చేతులెత్తేశాడు. "నాకే సరుకు అరువివ్వట్లేదమ్మా, నేనెక్కణ్ణుంచి తేను?" అని ముఖం తిప్పుకున్నాడు. సరిగ్గా అప్పుడు దిగాడు కంతుల బాబు. మొదటి అప్పు తిన్నారు. దాని కంతుల కోసం రెండోది తీసుకున్నారు. రెండోదాని కంతు వచ్చేసరికి బియ్యం డబ్బా మళ్లీ ఖాళీ.

ఇస్త్రీ వదిన గుమ్మంలో ఆ సాయంత్రం పిల్ల ఏడుపు ఆగలేదు. ఉన్నట్టుండి ఆ నలుగురిలోంచి బుడ్డి లేచి వీధి మలుపు దాకా విసవిసా నడిచింది. మిగతావాళ్లు ఆమె వెంటపడ్డారు.

"బాబూ, నా పేరు మీద ఇంకో అప్పు ఇస్తావా? పెద్దది. ఇంతవరకు ఒక్క కంతు కూడా తప్పలేదు నేను."

"మీకివ్వకపోతే ఎవరికిస్తామక్కా?" అన్నాడు కంతుల బాబు. అతని ముఖం విప్పారింది.

నిచ్చెన ఆమె జబ్బ పట్టుకుంది. "నీకేమన్నా పిచ్చా? అందరిదీ నీ నెత్తినెందుకేసుకుంటావే?"

"పేరే కదే నాది! తినేది అందరం, కట్టేది అందరం. ఆ పిల్ల ఏడుపు వినలేకపోతున్నా."

"ఒట్టు. కలిసి కడదాం," అంది ఇస్త్రీ వదిన. గంజి తొట్టి దగ్గర పనిచేసే ముసలి గంజత్త ఒట్టు పెట్టింది. దుప్పట్ల మీద మరకలు తీసే పడుచుది, అందరూ మరకల పిల్ల అంటారు, అది కూడా పెట్టింది. అందరికంటే గట్టిగా నిచ్చెన పెట్టింది.

వాళ్లు చేసిన తప్పల్లా అదే. వాళ్లకి ఒట్టంటే నమ్మకం, కంపెనీకి వేలిముద్రంటే నమ్మకం. ముద్ర ఒక్కతిదే పడింది.

ఆ డబ్బుతో ముందు వదిన కంతు కట్టారు, మిగిలినదానితో సరుకులు కొని బుడ్డి గదిలో నేల మీద పోసి పంచుకున్నారు. నూనె గ్లాసుతో కొలిచారు. "నా గ్లాసు వెలితిగా పోశారే, నేను ముసల్దాన్నని లోకువా?" అని గంజత్త పేచీ పెట్టింది. బుడ్డి తన వంతులోంచి ఇంకాస్త వొంపి, "ఇదిగో అత్తా, ఒంటికి కూడా రాసుకో, నిగనిగలాడతావు," అంది. మూలన మంచం మీద చూపు మందగించిన బుడ్డి తల్లి ఆ నవ్వులు విని తనూ నవ్వింది. ఆ నెల ఐదిళ్లలోనూ కడుపు నిండా తిన్నారు.

మరుసటి నెల యజమాని మడత రేటు కోశాడు. హోటళ్ల గిరాకీ పడిపోయిందన్నాడు. గిరాకీ పడిపోతే దుప్పట్ల గుట్ట తగ్గదేమని అడిగిన నాథుడు లేడు. వదిన పిల్లకి జ్వరం వచ్చింది. మరకల పిల్ల అద్దె పెరిగింది. నిచ్చెన మొగుడి మందులు ఆపాల్సి వచ్చింది. "ఈ వారం కాదే, వచ్చే వారం ఇస్తా," అని ఒకరి తర్వాత ఒకరు బుడ్డి దగ్గర నీళ్లు నమిలారు. "సరేలే, చూద్దాం," అనేది బుడ్డి. చూసీ చూసీ ఒక సోమవారం ఆమె చేతిలో ఏమీ లేకుండా పోయింది.

కంతుల బాబు మిగతా నలుగుర్నీ పక్కకి పిలిచాడు. "మీకు తెలియందేముంది అక్కా. వెళ్లి కూర్చోండి."

"బుడ్డక్క గుమ్మంలోనా? ఆ సరుకులు..." అనబోయింది మరకల పిల్ల. నిచ్చెన దాని చెయ్యి గట్టిగా నొక్కింది. నిజం బయటపెడితే అప్పు నలుగురి పేర్లకీ ఎక్కుతుంది. మంచంలో మొగుడు, ఇంట్లో కూతురు ఆమె కళ్ల ముందు మెదిలారు.

"కూర్చోకపోతే పాసులుండవు. ఈ వయసులో నన్నెవడు పెట్టుకుంటాడే?" అని గంజత్త గొణిగింది.

వెళ్లారు. వెళ్లారండీ, తిన్న నోటితోనే వెళ్లారు! తిట్టుకోండి వాళ్లని, మీ ఇష్టం. కానీ బియ్యం డబ్బా అడుగు గీరిన చప్పుడు ఒక్కసారైనా విన్నవాళ్లు కాస్త ఆగి తిట్టండి.

బుడ్డి గుమ్మంలోకి వచ్చి నలుగుర్నీ చూసింది. లోపలికెళ్లి చాప తెచ్చి పరిచింది. "కింద తడిగా ఉంది. దీని మీద కూర్చోండి," అంది. తర్వాత పొయ్యి ఆర్పింది. 'మీరు తిన్నదే కదే' అని ఒక్క మాట అంటుందేమోనని నిచ్చెన కాచుకుని కూర్చుంది. అంటే లేచి కాళ్లు పట్టుకునేది. బుడ్డి అనలేదు. లోపల్నుంచి తల్లి, "ఎవరే వచ్చింది?" అని అడిగింది.

"మా లాండ్రీవాళ్లమ్మా. ఊరికే, పలకరించిపోదామని."

ఆ వారమంతా అంతే. పగలు ఆ ఇద్దరూ ఒకే దుప్పటికి రెండు కొసలూ పట్టుకునేవాళ్లు. సాయంత్రం ఒకతె గుమ్మం లోపల, ఒకతె గుమ్మం బయట. బుడ్డి పక్కింటి నుంచి ఇంత అడిగి తెచ్చి తల్లికి పెట్టేది, తను నీళ్లు తాగి ముడుచుకునేది. కంతు కూడబెట్టాలని మేస్త్రీ కాళ్లావేళ్లా పడి, మడత పని అయ్యాక రోలరు మీద రెండో షిఫ్టు అడిగి తీసుకుంది. ఆ షిఫ్టుకి దిగిన రోజు సాయంత్రం ఆమె ఇంట్లో లేకపోయినా నలుగురూ వచ్చి గుమ్మంలో కూర్చున్నారు, రూలు రూలే కదా. కబురు వాళ్లకి అక్కడే అందింది. ఖాళీ కడుపుతో ఆ వేడిలో కళ్లు తిరిగి బుడ్డి రోలరు మీద పడిపోయింది. దుప్పటితో పాటు చెయ్యి, చెయ్యితో పాటు మనిషి. మిషను ఆపే మీట ఆమెకి అందేంత కింద లేదు.

తెల్లారేసరికి ఆసుపత్రిలో ప్రాణం పోయింది. నిచ్చెన ఆమె మీద కప్పిన దుప్పటి కొస పట్టుకుని నేల మీద కూలబడింది. "ఒసేయ్, ఒక్క తిట్టు తిట్టి పోవే," అని ఏడ్చింది. ఆసుపత్రి వాళ్లు బయటికి పంపేదాకా ఏడుస్తూనే ఉంది.

యజమాని చేతులు దులుపుకున్నాడు. "రోలరు ఆమె పని కాదు. అనుమతి లేకుండా ముట్టుకుంది. నేనేం చెయ్యను?" అన్నాడు. మేస్త్రీ తను షిఫ్టు ఇవ్వనే లేదన్నాడు. పాపం, కంతుల బాబు మాత్రం కళ్లు తుడుచుకున్నాడు. "బంగారం లాంటి మనిషి," అన్నాడు. ఆ చేతిరుమాలు జేబులో పెట్టుకుంటూనే, "ముసలమ్మ ఉందిగా. మంచం ఉంది, పొయ్యి ఉంది, గది అడ్వాన్సు ఉంది. వెళ్లి కూర్చోండక్కా. లేదంటే మొత్తం మీ నలుగురి మీదే," అన్నాడు.

ఆ మధ్యాహ్నం బాయిలరు వెనక పెరట్లో లాండ్రీ అంతా పోగైంది. బాయిలరులో బొగ్గు వేసే మనిషి, అందరూ బాయిలరు అన్న అంటారు, చేతిలో పార నేలకేసి కొట్టాడు. "పనిలో చచ్చిన మనిషికి పరిహారం ఇవ్వాలా వద్దా? ముందు అది తేలాలి!"

"తేలేదాకా మా పిల్లలేం తినాలన్నా?" అని అరిచింది ఒక ఉతుకుడు మనిషి. "సోమవారం కంతు నువ్వు కడతావా?"

"ఇప్పుడు నువ్వు మాత్రం తింటున్నావా? అప్పు తింటున్నావు. అప్పు నిన్ను తింటోంది."

"మాటలకేం, బాగానే ఉంటాయి!"

గోల చెలరేగింది. ఒకరు భయమంటారు, ఒకరు సిగ్గులేదా అంటారు. నిచ్చెన గోడ దగ్గర నిలబడి వింటోంది. ముసలమ్మ గుమ్మంలో మళ్లీ వెళ్లి కూర్చోవడం ఇక తన వల్ల కాదనుకుంది. నడిచి మధ్యలోకి వచ్చింది.

"బుడ్డి అప్పు బుడ్డి తినలేదు. నేను తిన్నాను. నా మొగుడు తిన్నాడు, నా కూతురు తింది. తిని, వెళ్లి దాని గుమ్మంలో కూర్చున్నాం. చంపింది రోలరే, కానీ పస్తు పెట్టింది మేం." చుట్టూ ఉన్నవాళ్ల వైపు తిరిగి అంది: "మనకి వచ్చిన విద్య ఒక్కటే కదా, కూర్చోవడం. పొయ్యి ఆర్పించి కూర్చోవడం. ఇన్నాళ్లూ మన పొయ్యిలే ఆర్పుకున్నాం. ఆ బాయిలరు యజమాని పొయ్యి కాదా?"

బాయిలరు అన్న వెళ్లి నిప్పు లాగేశాడు.

అందరూ బాయిలరు చుట్టూ కూర్చున్నారు. ముసలమ్మకి పరిహారం ఇవ్వాలి, మడత రేటు పాతదే ఇవ్వాలి, బుడ్డి అప్పు కొట్టెయ్యాలి, జట్టు రూలు పోవాలి. కాలేజీ పిల్లలు కొందరు వచ్చి అట్ట ముక్కల మీద ఆ నాలుగు మాటలూ రాసి గేటుకి కట్టారు. రెండు రోజులు ఒక్క దుప్పటి కదల్లేదు. యజమాని కారు గేటు దాకా వచ్చి వెనక్కి పోయింది. ఇది చూసి గంజత్త కూడా, "ఏమో, గెలుస్తామేమోనే," అంది.

ఇక్కడితో ఆపేస్తే మీకూ బాగుంటుంది, నాకూ బాగుంటుంది. కానీ జరిగింది అది కాదు. కంతుల బాబు పోలీసుల కంటే ముందు ఆడవాళ్లని పంపాడు. పక్క వాడల్లోని జట్లని పిలిచి, "వీళ్లు ఎగ్గొడితే కంపెనీ మీ అప్పులూ ఆపేస్తుంది," అన్నాడు. వాళ్లు ఒక్కో సమ్మె మనిషి ఇంటికీ వెళ్లి గుమ్మాల్లో కూర్చున్నారు. పొయ్యిలు ఆరిపోయాయి. పిల్లలు లాండ్రీ గేటు దగ్గరికి వచ్చి అమ్మా, ఆకలి అని ఏడ్చారు. ముందు మరకల పిల్ల లేచింది. తర్వాత ఇస్త్రీ వదిన నిచ్చెన ముఖంలోకి చూడకుండా, "నన్ను క్షమించవే," అని వెళ్లిపోయింది. గంజత్త ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. మిగిలినవాళ్లని పోలీసులు ఈడ్చుకుపోయారు. బాయిలరు కొత్త మనిషి చేతిలో మళ్లీ మండింది.

కొన్నాళ్లకి నిచ్చెనని వదిలేశారు. పాసు ఎలాగూ పోయింది. ఇంటికి వెళ్లే దారిలో కొట్టు మావయ్య ఆమెని ఆపి చెప్పాడు, పక్క వాడ ఆడవాళ్లు నలుగురు బుడ్డి తల్లి గుమ్మంలో కూర్చున్నారని. ఆమె ఇంటి దారి వదిలి అటు నడిచింది.

నలుగురూ ముక్కూ ముఖం తెలియనివాళ్లు. గుమ్మానికి ఎదురుగా కూర్చుని తలలు వంచుకున్నారు. లోపల మంచం మీద ముసలమ్మ వాళ్లతో మాట్లాడుతోంది. వాళ్లు పోయిన కూతురి స్నేహితులనీ, పలకరించడానికి వచ్చారనీ అనుకుంది.

"చిన్నప్పుడు కూడా పొట్టిదే అమ్మా. కానీ గొంతు మాత్రం వీధి చివరికి వినపడేది. మీ లాండ్రీలో కూడా అలాగే నవ్వేదా?"

నలుగురిలో ఒకామె, చేతుల నిండా ఇటుక దుమ్ము ఉన్నామె, కొంగు నోట్లో కుక్కుకుంది.

"లేవండమ్మా," అంది నిచ్చెన మెల్లగా. "ఇది ఆవిడ అప్పు కాదు. తిన్నదాన్ని నేను."

"మేం లేస్తే మా మీద పడుతుంది," అంది ఇటుకలామె. "నీకేం తెలుసు మా బాధ?"

"తెలుసు. ఇదే గుమ్మంలో, ఇక్కడే కూర్చున్నాను."

నిచ్చెన వాళ్లకీ గడపకీ మధ్య ఉన్న కాస్త చోటులో కూర్చుంది. గుమ్మానికి వీపు పెట్టి, వీధి వైపు ముఖం పెట్టి కూర్చుంది. కాసేపటికి గంజత్త వచ్చింది. పని నుంచి తిన్నగా వచ్చినట్టుంది, మోచేతుల దాకా గంజి ఎండి ఉంది. అందరినీ చూసింది, ఏడుపు ముఖంతో పక్కన చతికిలబడింది.

"పాసు పోతే పోనీయవే. ఆ పిల్ల పోసిన నూనె నా కడుపులో ఉంది," అంది.

సాయంత్రం కంతుల బాబు వచ్చాడు. తన వైపు తిరిగి ఉన్న రెండు ముఖాలు చూసి మోటారు సైకిలు ఆపాడు. "అక్కా, తప్పుకోండి. లోపలి సామాను తీసుకోవాలి."

"తీసుకో. నన్ను దాటుకుని పో," అంది నిచ్చెన.

మొదటిసారి అతని గొంతు పెరిగింది. "మీరు నలుగురూ ఏం చూస్తున్నారు? లాగి పారెయ్యండి వీళ్లని! లేకపోతే రేపటి నుంచి మీకు పనులుండవు!"

ఇటుకలామె లేచింది. నిచ్చెన కళ్లు మూసుకుంది, జుట్టు పట్టుకుంటుందనుకుంది. ఆమె జుట్టు పట్టుకోలేదు. చీర సర్దుకుని, ఉన్నచోటే వెనక్కి తిరిగి, వీధి వైపు ముఖం పెట్టి మళ్లీ కూర్చుంది. వెనక ఇంకొకామె తిరిగింది. మిగతా ఇద్దరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ఒకామె తిరిగింది. చివరామె మాత్రం ఏడుస్తూ లేచి వెళ్లిపోయింది. ఆమెనేమీ అనకండి, ఇంట్లో పసిబిడ్డ ఉంది.

పోలీసు వ్యాను రావడానికి ఎంతోసేపు పట్టలేదు. కంతుల బాబు వేలు పెట్టి చూపిన నిచ్చెననీ గంజత్తనీ రెక్కలు పట్టి లేపారు. ఈసారి తేలిగ్గా వదలమని ఇన్‌స్పెక్టరు మొహం మీదే చెప్పాడు. మంచంలో ఉన్న మొగుడికి ఎవరు చెప్తారు, కూతురికి ఎవరు ఇంత పెడతారు, నిచ్చెనకి తెలియదు. అప్పులో ఒక్క పైసా తగ్గలేదు. వ్యాను ఎక్కుతూ ఆమె ఒక్కసారి వెనక్కి చూసింది. ఇటుకలామె ఖాళీ అయిన చోటులోకి జరిగి గడపకి ఆనుకుని కూర్చుంటోంది. వీధి అవతల నుంచి కొట్టు మావయ్య కొట్టు దిగి నెమ్మదిగా ఆ గుమ్మం వైపే వస్తున్నాడు.

లోపల్నుంచి ముసలమ్మ గొంతు వినిపించింది. "ఎవరెవరో మాట్లాడుతున్నారే! మా పిల్లకి ఇంతమంది ఉన్నారని ఎన్నడూ చెప్పలేదే అమ్మా నాతో?"

"ఆమెకీ తెలియదు పిన్నీ," అంది ఇటుకలామె, వీధిలోంచి చూపు తిప్పకుండా. "మాకూ ఇప్పుడే తెలిసింది."